నెలకి నాలుగు నిమిషాలు

కొమ్ము విరిచి చూడకుండా పసుపు కొనేవాడు ఎన్నాళ్ళు వ్యాపారం చేస్తాడో మాజేటి కోటిలింగానికి తెలుసు. దుగ్గిరాల యార్డులో ఆయన ముప్పై ఏళ్ళుగా కొమ్ములు విరుస్తూనే ఉన్నాడు. విరిస్తే టక్కుమనాలి. గోరు దిగకూడదు. లోపలి రంగు చూసి కన్ను ఒప్పుకోవాలి. బస్తా మీద ఎవరి మార్కు ఉందనేది ఆయన ఆఖర్న చూస్తాడు, ఒక్కోసారి చూడనే చూడడు. అలాంటివాడికి యాభై నాలుగో ఏట, అదీ పెళ్ళాం ప్రాణం మీదికి వచ్చినప్పుడు, మార్కు చూడడమే తప్ప సరుకు ముట్టుకోని వాళ్ళతో బేరం పడింది.

ఆయన భార్య కనకరత్నానికి రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాదిన్నర అయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదులు గుచ్చీ గుచ్చీ రెండు చేతుల్లోనూ నరాలు మూసుకుపోయాయి. ఇప్పుడు మెడ పక్కన గొట్టం పెట్టి నెట్టుకొస్తున్నారు. అది ఆరు వారాలు పనిచేస్తే గొప్ప అన్నారు. కోటిలింగం కిడ్నీ ఆమెకి సరిపోతుందని పరీక్షల్లో తేలింది.

"ముప్పై రెండేళ్ళ కాపురంలో మీకూ నాకూ కుదిరింది ఇదొక్కటే," అంది కనకరత్నం.

ప్రాంతీయ మూత్రపిండ మార్పిడి విజ్ఞాన సంస్థలో ఆ ఆపరేషన్లు చేసేది డాక్టర్ కొప్పుల సరోజిని. తొమ్మిదేళ్ళలో ఆరువందల నలభై చేసింది. ఆవిడ ఎలాంటిదో కోటిలింగం డాక్టర్లని అడగలేదు. ఆవిడ కోసిన మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. కరెంటాఫీసు లైన్‌మన్ ఒకాయన స్తంభం దిగి వచ్చి చొక్కా ఎత్తి చూపించాడు. ఒక ఉల్లిపాయల వ్యాపారి పనిలో పనిగా కూతురి పెళ్ళి ఫొటోలు కూడా చూపించాడు, తను బతికి ఉండబట్టి దగ్గరుండి చేసిన పెళ్ళి. కొమ్ము విరిచి చూసినంత తృప్తి కలిగింది కోటిలింగానికి. ప్రభుత్వ అనుమతులు వచ్చాయి. గురువారం ఆపరేషన్ అన్నారు.

సోమవారం, సామాను సర్దుకుని సంస్థకి వెళితే, గురువారం లేదన్నారు.

చెప్పినవాడు ప్రభావ గణన విభాగం అధికారి పరబ్రహ్మం. తూనికలు, కొలతల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చాడు. మనిషి మెత్తన, మాట మాత్రం గెజిట్‌లోంచి లేచి వచ్చినట్టు ఉంటుంది.

"డాక్టరమ్మగారు సెలవులో ఉన్నారాండీ?" అడిగాడు కోటిలింగం.

"లేదు. పై అంతస్తులో ఖాళీగా ఉన్నారు."

"ఆపరేషన్ గది ఖాళీ లేదా?"

"గది కూడా ఖాళీయే."

"మరి?"

పరబ్రహ్మం కళ్ళజోడు సవరించుకున్నాడు. "శస్త్రచికిత్సా గది జాతి సంపద. దానిని ప్రతిభానుసారముగా కేటాయించవలెనని పాలకమండలి రెండు మాసముల క్రిందట తీర్మానించినది. ప్రతిభకు ప్రమాణము ప్రభావ సూచిక. అనగా, ఒక వైద్యుడు వ్రాసిన పరిశోధనా వ్యాసములను ఇతర ప్రచురణలు ఎన్ని పర్యాయములు పేర్కొన్నవో ఆ సంఖ్య. మాకు ఇద్దరే శస్త్రవైద్యులు. ఆచార్య గజాననం గారిది నాలుగువందల పన్నెండు వ్యాసములు, సూచిక తొమ్మిది వేల ఆరువందల నలభై. సరోజిని గారిది ఒకే వ్యాసము. సూచిక మూడు."

"మూడు వేలా?"

"మూడు."

 పరబ్రహ్మం కాగితం తిప్పి చూపించాడు. నెలకి ఇరవై ఆరు పనిదినాలు. రోజుకి ఎనిమిది గంటలు. సూచికల దామాషాలో పంచితే సరోజిని వాటాకి నెలకి మూడు పాయింటు ఎనభై ఎనిమిది నిమిషాలు వస్తాయి.

"దానిని నాలుగు నిమిషములుగా సవరించాము," అన్నాడు పరబ్రహ్మం. "ఆమె విషయమున సంస్థ ఔదార్యము చూపినది."

"ఆపరేషన్‌కి నాలుగు గంటలు పడుతుందటండీ."

"నిబంధనలు అందుకు అవకాశము కల్పించినవి. నెలనెలా వచ్చు నిమిషములను కూడబెట్టుకొనవచ్చును. అరవై మాసములకు పూర్తి శస్త్రచికిత్సకు సరిపడును. ఐదేళ్ళు."

"మా ఆవిడకి ఆరు వారాలే ఉందండీ."

"అట్టి సందర్భమున వాయిదాల పద్ధతి కలదు. మొదటి నెల నాలుగు నిమిషములలో చర్మము వరకు కోయవచ్చును. రెండవ నెల..."

"మధ్యలో ఏం చెయ్యాలి?"

"కట్టు కట్టి ఉంచవచ్చును. దానిపై నిషేధము లేదు."

కోటిలింగం బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చున్న భార్యకి సంగతి చెప్పాడు. ఆమె మెడ దగ్గర గొట్టానికి వేసిన కట్టు సవరించుకుంది.

"నయం," అంది. "తూకం వేసి ఇంత మాంసం కోసిస్తామనలేదు."

ఇద్దరూ పై అంతస్తుకి వెళ్ళేసరికి సరోజిని కిటికీ పక్కన కూర్చుని, కుర్చీ కోడుకి దారం చుట్టి ముళ్ళు వేస్తోంది. వేస్తూ, విప్పుతూ. పొట్టి మనిషి, కనిగిరి వైపు యాస.

"చేతులు మొద్దుబారతాయని," అంది, వాళ్ళు చూస్తున్నది గమనించి. "కూసోండి శెట్టిగారూ. నన్నేం చెయ్యమంటారు? రాయమంటే రాయను, కొయ్యమంటే కోస్తాను. ఆ ఒక్క పేపరూ మా సారు బలవంతం మీద రాశా. మూత్రనాళం కుట్టేటప్పుడు వేసే ముడి గురించి. రెండు వేల ఎనిమిదిలో. ముగ్గురు చదివినట్టుండారు."

"గజాననం గారిని అడిగితే ఆయన చేస్తారేమో."

సరోజిని ముడి విప్పింది. "అడగండి," అంది.

ఆచార్య గజాననం గదికి వెళ్ళే దారిలోనే ఆపరేషన్ గది. తలుపు మీద ఆయన పేరు, లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. బల్ల మీద ఉతికిన దుప్పటి నలగకుండా ఉంది. మరియమ్మ అనే ఆయా నేల తుడుస్తోంది. రెండు నెలలుగా ఆ గదిలో ఒక్క రోగికీ ఇన్ఫెక్షన్ రాలేదని, ఆ ఘనత మీద గజాననం మూడు వ్యాసాలు రాశాడని, గుమ్మం దగ్గర బోర్డు మీద ఉంది. ఆ రెండు నెలల్లో ఆ గదిలోకి ఒక్క రోగీ వెళ్ళలేదన్న సంగతి బోర్డు మీద పట్టలేదు.

గజాననం వాళ్ళని ఆదరంగా కూర్చోబెట్టాడు. ఇద్దరి కాగితాలూ ఆసక్తిగా తిరగేశాడు. తిప్పుతున్నకొద్దీ ఆసక్తి తగ్గింది.

"మీరు మామూలు భార్యాభర్తలేనా?"

"అవునండీ."

"రక్తం గ్రూపు కూడా కలిసింది. మీ కిడ్నీలు... రెండేనా?"

"రెండేనండీ."

"ఉండాల్సిన చోటే ఉన్నాయా? ఒకటి ఛాతీ వైపు జరిగి ఉండడం లాంటిది..."

"లేదండీ. ఉండాల్సిన చోటే."

గజాననం కాగితాలు మూసేశాడు. "చూడండి, మీలాంటి వాళ్ళకి ఆపరేషన్ చేస్తే ఏమవుతుంది? బతుకుతారు. బతికారని రాస్తే ఎవరు తమ వ్యాసాల్లో ఉల్లేఖిస్తారు? పైగా నాలుగు గంటలు పోతాయి. నాలుగు గంటలంటే నాకు ఒకటిన్నర వ్యాసం. ఆ నష్టం నాది కాదు, విజ్ఞానానిది."

"తమరు ఆఖరిసారి కత్తి పట్టి ఎన్నాళ్ళయిందండీ?" అంది కనకరత్నం.

"పదకొండేళ్ళు. అప్పటి నలభై కేసుల మీదే ఇప్పటికీ రాస్తున్నాను. వయసుల వారీగా ఒకటి, బరువుల వారీగా ఒకటి, జిల్లాల వారీగా ఒకటి. ఇంకా నక్షత్రాల వారీగా చూడలేదు."

బస్తా సరుకుని పొట్లాలు కట్టి అమ్మేవాడు తెలివైనవాడని కోటిలింగం ఎన్నడూ కాదనలేదు. కాని పొట్లాల వాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇంకో బస్తా తెచ్చుకోవాలి కదా అని ఆయన సందేహం. నమస్కారం పెట్టి లేచాడు.

దుగ్గిరాల వెళ్ళే బస్సులో కనకరత్నం నిద్రపోయింది. కోటిలింగం నిద్రపోలేదు. యార్డు నిబంధనల పుస్తకంలాగే, అడిగి తెచ్చుకున్న సంస్థ నిబంధనల పుస్తకాన్నీ మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాడు. మర్నాడు మళ్ళీ పరబ్రహ్మం దగ్గర తేలాడు.

"ఉల్లేఖన ఏ పత్రికలో ఉన్నా లెక్కకి వస్తుందా అండీ? డాక్టర్ల పత్రికే అయి ఉండాలా?"

"రిజిస్ట్రేషన్ సంఖ్య కలిగి, నియతకాలికముగా ముద్రితమగు ఏ ప్రచురణ అయినను సరి. దాని ప్రతిని సంస్థ వాట్సాప్ సంఖ్యకు పంపవలెను. విషయముపై ఆంక్ష లేదు. విజ్ఞానమునకు సరిహద్దులు ఉండరాదని మా పాలకమండలి అభిమతము."

"ఒకే పత్రికలో రెండుసార్లు పేర్కొంటే?"

"రెండుగా గణింతుము. మేము పక్షపాతము చూపము."

దుగ్గిరాల పసుపు వర్తకుల సంఘానికి కోటిలింగం కార్యదర్శి. సంఘం రోజూ ఒక ధరల పత్రిక అచ్చువేస్తుంది. కొమ్ము ఎంత, కాయ ఎంత, ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని లేచాయి. తాతల నాడు రిజిస్టరు చేయించినది, ఆదివారాలు తప్ప ఒక్క రోజు కూడా ఆగింది లేదు. దేశంలో ఇలాంటి పసుపు యార్డులు నలభై నాలుగు. ప్రతి యార్డు పత్రికా మిగతా నలభై మూడు పత్రికల్నీ ఉన్నది ఉన్నట్టు ఎత్తి వేసుకుంటుంది. ఒక్క అక్షరం వదిలినా ఏదో దాచిపెట్టారని అవతలి యార్డువాళ్ళు అనుమానిస్తారు కాబట్టి ఎవరూ ఏదీ వదలరు. ఒకసారి ఈరోడ్ పత్రికలో అక్కడి గుమాస్తా పొరపాటున తన చాకలిపద్దు వేస్తే, నలభై నాలుగు యార్డులూ ఆ చొక్కాల సంఖ్యని ధరల పక్కన గౌరవంగా అచ్చువేశాయి.

సోమవారం దుగ్గిరాల పత్రికలో ధరల కింద ఒక వరుస కనిపించింది. 'మూత్రనాళం కుట్టు విధానమునకు చూడుము: కొప్పుల సరోజిని, 2008. ఈ పత్రిక ప్రతిని ఈ కింది సంఖ్యకు వాట్సాప్ చేయవలెను.'

రోజుకి నలభై నాలుగు అని కోటిలింగం లెక్క. నాలుగు వారాల్లో వెయ్యి దాటుతుంది. దామాషాలో డాక్టరమ్మకి నెలకి రెండున్నర రోజులు వస్తాయి. అందులో ఒక్క రోజు చాలు. లెక్క రెండుసార్లు సరిచూసుకుని పడుకున్నాడు.

ఆయన తప్పు లెక్కలో లేదు, తన వాళ్ళని తక్కువ అంచనా వేయడంలో ఉంది. దుగ్గిరాల పత్రిక కింద కొత్త వరుస చూసిన మిగతా యార్డువాళ్ళు, ఢిల్లీ నుంచి ఏదో నిబంధన దిగి ఉంటుందనీ, అది దుగ్గిరాలకి ముందు తెలిసి ఉంటుందనీ అనుకున్నారు. జరిమానా పడకముందే మేలుకోవాలని, ఎవరి యార్డు ధరల కింద వాళ్ళూ అదే వరుస చేర్చారు. మంగళవారం నుంచి ప్రతి పత్రికలోనూ నలభై నాలుగు యార్డుల ధరలు, ప్రతి యార్డు ధరల కిందా ఆ వరుస. నలభై నాలుగు నలభై నాలుగులు. రోజుకి వెయ్యిన్ని తొమ్మిదివందల ముప్పై ఆరు.

బుధవారం ఈరోడ్ నుంచి ఫోను.

"కోటిలింగం గారు, ఈ కొప్పుల సరోజిని రకం సరుకు ఎట్లా ఉంటాది? కొమ్మా, కాయా? మాకు పది బస్తాలు శాంపిల్ పంపండి."

"అదంతా బుక్కయిపోయిందండీ," అన్నాడు కోటిలింగం.

"అట్లయితే ధర ఏల వెయ్యలేదు?"

"అది ధరకి దొరకదు."

అవతలివాడు పక్కన ఎవరితోనో అరవంలో గబగబా మాట్లాడాడు. తర్వాత ఇరవై బస్తాలు అడిగాడు.

శనివారానికి సరోజిని సూచిక తొమ్మిది వేల ఏడువందల ఇరవై ఏడు. గజాననాన్ని ఎనభై ఏడుతో దాటేసింది. పరబ్రహ్మం విభాగంలో ముగ్గురు గుమాస్తాలు వాట్సాప్‌లో వచ్చినవి కాగితాల మీదికి తీసి, వేళ్ళు తడుపుకుంటూ లెక్కపెట్టి ధ్రువీకరించారు. సోమవారం ఉదయం కేటాయింపు ఉత్తర్వు వచ్చింది. సరోజినికి నెలలో పదమూడు రోజులు. మొదటిది గురువారం.

కోటిలింగం వెంటనే పత్రికలో ఆ వరుస తీయించేసి, మిగతా యార్డులకీ ఫోను చేసి తీసెయ్యమన్నాడు. అయితే సోమవారం పత్రికలు అప్పటికే అచ్చయిపోయాయి. ఆ సాయంత్రానికి సూచిక పదకొండు వేల ఆరువందల అరవై మూడు.

మంగళవారం కనకరత్నాన్ని సంస్థలో చేర్పించబోతుంటే పరబ్రహ్మం మిఠాయి పొట్లంతో ఎదురొచ్చాడు.

"శుభవార్త. సరోజిని గారి సూచిక పదివేలు దాటినది. నియమావళి పద్నాలుగవ అధికరణము ప్రకారము ఆమె 'విజ్ఞాన నిధి' అయినారు. సంస్థ చరిత్రలో ఇదియే ప్రథమము. ఆచార్య గజాననం గారు ఆ గౌరవము కొరకు పదకొండేళ్ళుగా శ్రమించుచున్నారు."

"సంతోషమండీ. గురువారం..."

"గురువారము లేదు. విజ్ఞాన నిధులు పదునైన వస్తువులను తాకరాదు. రక్తస్రావము గల ప్రదేశములకు వెళ్ళరాదు. అంతటి మనిషికి చిన్న గాటు పడినను జాతికి తీరని లోటు."

"పోనీ, సూచిక తగ్గించండి."

"సూచిక పెరుగునే గాని తరుగదు. అది ధాన్యము కాదు."

బస్సులో ఆ పద్నాలుగవ అధికరణం చదివినప్పుడు, అది గజాననం లాంటివాళ్ళ గొడవ అనుకుని కోటిలింగం దాటేశాడు. ఎక్కువ తూగిన బస్తా కూడా కాటా దగ్గర ఆగిపోతుందని ఆయనకి తెలియాల్సింది. తెలియలేదు. ఇంటికి ఫోను చేసి, సామాను తెచ్చిన కారు వెనక్కి పంపించాడు.

సరోజినికి తివాచీ పరిచిన గది ఇచ్చారు. తలుపు తియ్యడానికి ఒక మనిషి, పండ్లు కోసి పెట్టడానికి ఇంకో మనిషి. శుక్రవారం సన్మానం చేశారు. డైరెక్టర్ విశ్వంభరరావు ముప్పావు గంట మాట్లాడి, పసుపు వాణిజ్యం మీద డాక్టర్ సరోజిని గారి ప్రభావం రాబోయే తరాలకి పరిశోధనాంశం కాగలదని ముగించాడు. గజాననం శాలువా కప్పాడు. కప్పి ఆమె చెవిలో అడిగాడు, "ఏ పత్రికలో అంత గిరాకీ?"

సన్మానం అయ్యాక కోటిలింగం ఆమె గదికి వెళ్ళాడు. కుర్చీ కోడుకి దారం లేదు. దారం తెగి వేలు కోసుకోవచ్చని తీసేశారట.

"డాక్టరమ్మా, తప్పు నాది. మోతాదు మించింది."

"గొట్టం ఎట్టుంది?" అంది సరోజిని.

"రెండు రోజులుగా సరిగా లాగడం లేదు. మూడు గంటల పని ఐదు గంటలు పడుతోంది. ముందు ఆరు వారాలన్నారు. ఇప్పుడు పది రోజులంటున్నారు."

సరోజిని చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వైపే చూస్తూ కూర్చుంది.

కోటిలింగం కిందికి దిగి, ఆపరేషన్ గది ఎదురుగా బల్ల మీద కూలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నాడో. తలుపు తెరుచుకుంది. మరియమ్మ బకెట్టుతో బయటికొచ్చింది, నీళ్ళు మార్చుకుని లోపలికెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఎవరూ ఆపలేదు. ఆమె వెనక దీపాలు బాగుచేసేవాడు వెళ్ళాడు. వాడి వెనక మత్తు డాక్టరు సిలిండర్లు చూసుకోవడానికి వెళ్ళాడు.

కోటిలింగం లేచి పరబ్రహ్మం కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ మరియమ్మగారి సూచిక ఎంతండీ?"

"ఆమెకు సూచిక లేదు. ఆమె వ్యాసములు వ్రాయలేదు."

"మరి గదిలోకి ఎలా వెళ్తోంది?"

"తుడవకపోతే ఎట్లు? సూచిక లేనివారు నిర్వహణ సిబ్బంది. వారికి కేటాయింపు వర్తించదు. ఏ దినమున అయినను, ఎంత సమయమయినను లోపల ఉండవచ్చును."

"మత్తు డాక్టరు గారు?"

"ఆయన కూడా ఏమియు వ్రాయలేదు. నిర్వహణ సిబ్బందియే."

"పేపరు రాసినవాళ్ళు దాన్ని వెనక్కి తీసేసుకుంటే?"

పరబ్రహ్మం కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "వ్యాసము ఉపసంహరించబడినచో ఉల్లేఖనలన్నియు రద్దగును. సూచిక శూన్యము. కాని అట్టి పని ఎవరు చేయుదురు? అది ఆత్మహత్యతో సమానము."

"ఫారం ఉందాండీ?"

వెతికితే దొరికింది. ఎవరూ అడగకపోవడం వల్ల అంచులు పసుపుపచ్చబడ్డాయి. కోటిలింగం దాన్ని పైకి తీసుకెళ్ళాడు గాని, బల్ల మీద పెట్టడానికి చెయ్యి ఆడలేదు. సరోజినే అందుకుంది.

"అమ్మా, ఒక్క మాట. పద్దెనిమిదేళ్ళ నాటి పేపరు. మీకున్నది అదొక్కటే. ఇది పోతే రికార్డులో మీరు డాక్టరు కారు. జీతం, హోదా, అన్నీ మరియమ్మగారి వరసలో పడతాయి. నా పెళ్ళాం కోసం మిమ్మల్ని అడగొచ్చో లేదో నాకు తేలడం లేదు."

"మీరు అడగలేదు గదా. ఫారం తెచ్చారు, అంతే." ఆమె కలం తీసింది. "పేపరు పోతే ముడి ఊడిపోద్దా శెట్టిగారూ?"

ఫారంలో 'ఉపసంహరణకు కారణము' అని ఒక గడి ఉంది. తప్పుడు సమాచారము, చౌర్యము, పునరుక్తి, ఇతరములు. వ్యాసంలో ఏ తప్పూ లేదు. సరోజిని 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి, ఎదురుగా 'రచయిత్రికి వేరే పని ఉంది' అని రాసింది.

సోమవారం నుంచి ఆమెకి నీలం కోటు ఇచ్చారు. తలుపు తీసే మనిషి, పండ్లు కోసే మనిషి తివాచీతో పాటు వెళ్ళిపోయారు. దారం తిరిగి వచ్చింది.

నిర్వహణ సిబ్బంది ఆపరేషన్ చెయ్యొచ్చా అన్న ప్రశ్న పరబ్రహ్మానికి రాకపోలేదు. కోటిలింగం ఆయనతో వాదించలేదు, ఆయన భాషలోనే ఒక దరఖాస్తు రాసి ఇచ్చాడు. గదిలోని దీపములు, బల్ల, కత్తులు, యంత్రములు దీర్ఘకాలము వాడబడక పోయినందున వాని పనితీరును పరీక్షింపవలసి యున్నది. పరికరముల పరీక్ష నిర్వహణ సిబ్బంది విధి. పరీక్షకు తగు సామగ్రిని దరఖాస్తుదారుడే సమకూర్చును.

"సామగ్రి అనగా?" అన్నాడు పరబ్రహ్మం.

"మేమేనండీ. నేనూ, మా ఆవిడా."

పరబ్రహ్మం చాలాసేపు నిబంధనల పుస్తకం తిప్పాడు. తూనికల శాఖలో ఉన్నప్పుడు కాటా పరీక్షించడానికి వర్తకుడి బస్తానే పెట్టేవారన్నది ఆయనకి గుర్తొచ్చినట్టుంది. ముద్ర వేశాడు. 'పరీక్షా సామగ్రి: 2. వాడిన పిమ్మట యజమానికి అప్పగించవలెను.'

ముప్పై ఏళ్ళు సరుకు మీద చెయ్యి వేసినవాడు గురువారం ఉదయం తనే సరుకై బల్ల మీద పడుకున్నాడు. పక్క గదిలో కనకరత్నం. మత్తు డాక్టరు అంకెలు లెక్కపెట్టమన్నాడు. కోటిలింగం అలవాటు కొద్దీ నలభై నాలుగు నుంచి మొదలుపెట్టి నలభై ఏడు దగ్గర ఆగిపోయాడు.

మెలకువ వచ్చేసరికి పక్కలో నొప్పి, కాళ్ళ మీద దుప్పటి, తెర అవతల ఎవరో మాట్లాడుతున్న చప్పుడు.

"రత్నం," అన్నాడు.

తెర అవతల చప్పుడు ఆగింది.

"ఏవండీ," అంది కనకరత్నం గొంతు, బావిలోంచి వచ్చినట్టు. "వచ్చింది."

"ఏవిటి?"

"ఏవిటేవిటి. ఏడాదిన్నర తరవాత. సీసా నిండుతోందట. మరియమ్మ పట్టుకుని చూపిస్తోంది."

కోటిలింగం తెర వైపు తల తిప్పాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతికి సూది ఉంది.

పన్నెండో రోజు కనకరత్నాన్ని ఇంటికి పంపడానికి కాగితాలు తయారయ్యాయి. పరబ్రహ్మం స్వయంగా తెచ్చి ఆమె చేతికిచ్చాడు. కోటిలింగం పక్క నొక్కుకుంటూ మంచం దగ్గర నిలబడ్డాడు. కనకరత్నం వచ్చిన కాగితం చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. రెండో పేజీ దగ్గర ఆగింది.

"'శస్త్రచికిత్స చేసినవారు: ఆచార్య గజాననం'. ఈయనెప్పుడు చేశాడండీ?"

"అమ్మా, ఆ దినమున గది వారిది. గదిలో జరిగినది వారిదిగా కంప్యూటరు తనంతట తాను నమోదు చేయును. పదకొండేళ్ళ అనంతరము వారికిది తొలి కేసు. ఇప్పటికే రెండు వ్యాసములు పంపినారు."

"నన్ను కోసింది సరోజినమ్మ."

"నిర్వహణ సిబ్బంది పేరును ఆ గడి స్వీకరింపదు. ప్రయత్నించితిని. ఎర్రగా వెలిగినది."

"అయితే ఖాళీగా వదిలెయ్యండి."

"ఖాళీని కూడా స్వీకరింపదు."

"నేనూ స్వీకరించను. పేరు మారేదాకా ఈ మంచం దిగను. ఏవండీ, మీరు బస్సుకి వెళ్ళిపోండి."

 తన సరుకు మీద ఇంకొకడి మార్కు పడితే యార్డులో తనెంత గోల చేసేవాడో కోటిలింగానికి తెలుసు. తనే మాట్లాడదామని నోరు తెరిచేలోగా నీలం కోటుతో సరోజిని వచ్చింది. పరబ్రహ్మం కాగితం ఆమెకి చూపించబోయాడు. ఆమె దాన్ని చూడలేదు. వంగి, మంచం కింద ఉన్న కొలత జాడీ బయటికి లాగింది.

"రాత్రి నించీ ఎంతమ్మా?"

"రెండు వేల నాలుగు వందలు. ముందు ఈ పేరు సంగతి..."

"రంగు?"

"లేత పసుపు. కాని సరోజినమ్మగారూ..."

"రోజుకి మూడు లీటర్లు నీళ్ళు తాగాల. మాత్రలు గడియారం చూసి వేసుకోవాల. శెట్టిగారూ, ఆమె మర్చిపోయినా మీరు మర్చిపోబాకండి." సరోజిని జాడీ కింద పెట్టి నడుము పట్టుకుని లేచింది. "సంతకం పెట్టు తల్లీ. బయట ఒక పంతులమ్మా, వాళ్ళ తమ్ముడూ తెల్లారినించీ కూసోనుండారు. నాకీ మంచం కావాల."

కనకరత్నం తలుపు వైపు చూసింది. నడవాలో బెంచీ మీద ఒకావిడ మెడ పక్కన గొట్టంతో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, పిలుపు కోసం ఇటే చూస్తోంది.

కాగితం మోకాలి మీద పెట్టుకుని కనకరత్నం సంతకం చేసింది. మంచం దిగి, ఎవరినీ పిలవకుండా తనే దుప్పటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.